సాయంత్రం కాఫీ మానాలా, వద్దా? రూపాయి బిళ్లతో తేల్చుకోండి

దోసెల పిండిలో ఉప్పు రాత్రే కలపాలా, పొద్దున కలపాలా అని మా ఇంట్లో పాత తగాదా ఒకటి ఉంది. అమ్మది ఒక మాట, మా ఆవిడది ఇంకో మాట. ఏ రోజు పిండి సరిగ్గా పులవకపోయినా తప్పు ఉప్పు మీదికే పోయేది. చివరికి ఒక రాత్రి ఒకే పిండిని ఒకే కొలత ఉన్న రెండు గిన్నెల్లో పోశాం. ఒకదానిలో ఉప్పు వేశాం, రెండోదానిలో వేయలేదు. పిండి ఎంతవరకు ఉందో తెలిసేలా రెండు గిన్నెలకూ రబ్బరు బ్యాండు వేసి, వంటగట్టు మీద పక్కపక్కనే పెట్టాం. తెల్లారేసరికి జవాబు కళ్ల ముందుంది. ఏది గెలిచిందో నేను చెప్పను. మీ ఇంట్లో మీరే చూసుకోండి. పది నిమిషాల పని.

ఆ రెండు గిన్నెల మధ్య ఉప్పు తప్ప వేరే తేడా లేదు. అదే పప్పు, అదే గ్రైండరు, అదే చలి, అదే రాత్రి. అందుకే ఆ జవాబుతో ఎవరూ వాదించలేకపోయారు. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు చేసింది కూడా ఇదే. సాలిస్‌బరీ అనే బ్రిటిష్ యుద్ధనౌకలో స్కర్వీ అనే జబ్బు పట్టిన నావికులను 12 మందిని తీసుకుని, ఇద్దరేసి చొప్పున ఆరు జతలు చేశాడు. రోజువారీ తిండి అందరికీ ఒకటే. దాని పైన ఒక జతకు వెనిగర్, ఒక జతకు సముద్రపు నీళ్లు, ఇంకో జతకు నారింజలు, నిమ్మకాయలు, ఇలా తలో రకం ఇచ్చాడు. పళ్లు తిన్న ఇద్దరూ వారం తిరిగేసరికి లేచి తిరిగారు.

మన సొంత సమస్యల దగ్గరికి వచ్చేసరికి ఒక చిక్కు ఉంది. పిండిని రెండు గిన్నెల్లో పోయొచ్చు, మనిషిని పోయలేం. నిద్ర పట్టని మనిషి ఒక్కడే. కాఫీ తాగిన నేను, తాగని నేను ఒకే రాత్రి రెండు మంచాల మీద పడుకోలేం కదా. ఈ చిక్కును ఎలా దాటాలో, నా మీద నేను చేసుకున్న కాఫీ పరీక్షను ముందు పెట్టుకుని చెబుతాను. మీ సమస్య కాఫీ కాకపోవచ్చు. మధ్యాహ్నం అన్నం తిన్నాక వచ్చే మగత కావచ్చు, పిల్లాడి హోంవర్కు కావచ్చు, ఆఫీసుకు ఏ దారిలో వెళ్తే త్వరగా చేరతామన్నది కావచ్చు. దారి మాత్రం ఇదే.

ముందు నేను చేసిన తప్పు చెప్పాలి. రెండేళ్ల కిందట నిద్ర బాగా చెడింది. ఒక ఆదివారం విసుగొచ్చి సాయంత్రం కాఫీ మానేశాను, రాత్రి అన్నం బదులు చపాతీ మొదలుపెట్టాను, ఫోను హాల్లో పెట్టాను, అరగంట నడక కూడా. వారంలో నిద్ర బాగుపడింది. అందరికీ గొప్పగా చెప్పుకున్నాను. నెల తిరిగేసరికి మళ్లీ మొదటికొచ్చింది. అప్పుడు చూసుకుంటే, నాలుగింటిలో ఏది పనిచేసిందో, అసలు ఏదైనా పనిచేసిందో లేదో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. జలుబుకు మందు వేసుకుంటే వారంలో తగ్గుతుంది, వేసుకోకపోతే ఏడు రోజులు పడుతుంది అని మన పెద్దలు ఊరికే అనలేదు. సమస్య ముదిరినప్పుడే మనం చిట్కాల జోలికి పోతాం. బాగా ముదిరినది చాలాసార్లు దానంతట అదే కాస్త తగ్గుతుంది కూడా. ఆ తగ్గుదల పేరు మాత్రం చిట్కా కొట్టేస్తుంది.

ప్రశ్నను ఒక్క వాక్యానికి దించండి

"నా నిద్ర ఎలా బాగుపడుతుంది?" అన్నది ప్రశ్న కాదు, మొర. పరీక్షకు పనికొచ్చే ప్రశ్నలో రెండే ఉంటాయి: మీరు మార్చే ఒక్క విషయం, మీరు కొలిచే ఒక్క విషయం. నాది ఇలా రాసుకున్నాను: "సాయంత్రం ఆరింటికి కాఫీ తాగితే, రాత్రి పదిన్నరకు పడుకున్నాక నిద్ర పట్టడం ఆలస్యమవుతోందా?"

పొద్దుటి కాఫీని కదపలేదు. దానికి కారణం ఉంది. రోజూ కాఫీ అలవాటున్నవాళ్లు ఒక్కసారిగా మానేస్తే తలనొప్పి పట్టుకోవచ్చు. ఆ తలనొప్పితో నిద్ర చెడితే, కాఫీ మానడం వల్లే నిద్ర పోయిందని తప్పు తీర్పు ఇచ్చేస్తాం.

మీరు ఎంచుకున్న విషయం రోజు మార్చి రోజు పెట్టి తీయడానికి వీలయ్యేదిగా ఉండాలి. కాఫీలో నిద్రను ఆపే కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికి సాధారణంగా అయిదు గంటలు పడుతుంది. మనిషిని బట్టి ఇది బాగా మారుతుంది. గర్భిణుల్లో ఇంకా చాలా నెమ్మది. ఆరింటికి తాగితే పదకొండింటికి ఇంకా సగం లోపలే ఉందన్నమాట, అందుకే నా అనుమానం. కానీ మర్నాటి సాయంత్రానికి అది దాదాపు పోతుంది. కాబట్టి నిన్నటి కాఫీ ఇవాళ్టి లెక్కను పెద్దగా పాడుచేయదు. అదే జుట్టు రాలడానికి నూనె మార్చారనుకోండి, దాని ఫలితం తేలడానికి నెలలు పడుతుంది. అలాంటివాటికి ఈ రోజు-మార్చి-రోజు పద్ధతి కుదరదు, ప్రయత్నించి విసుగు తెచ్చుకోవద్దు.

కొలత: ఇక్కడే ఎక్కువసేపు ఆలోచించండి

చాలామంది ఇక్కడే జారిపోతారు. "బాగా పట్టింది", "అంతగా పట్టలేదు" అని రాసుకుంటే పది రోజుల తర్వాత మీకు నచ్చిన జవాబే అందులో కనిపిస్తుంది. అంకె కావాలి. అయితే నిద్ర ఎన్నింటికి పట్టిందో చూడ్డానికి గడియారం చూస్తూ పడుకుంటే ఉన్న నిద్ర కూడా పోతుంది. రెండు రోజులు అలా అవస్థ పడ్డాక ఒక ఉపాయం దొరికింది. పడుకోగానే ఫోనులో ఒక ప్రవచనం సన్నగా పెట్టి, గంట తర్వాత ఆగిపోయేలా టైమర్ పెట్టేవాణ్ని. పొద్దున లేచి, నాకు గుర్తున్న చివరి మాట దగ్గరికి ముందుకీ వెనక్కీ జరిపి, అక్కడి నిమిషాలు రాసుకునేవాణ్ని. గజేంద్రుడు మొసలికి చిక్కడం గుర్తుండి, విష్ణుమూర్తి రావడం గుర్తులేదంటే మధ్యలో ఎక్కడో నిద్ర పట్టిందన్నమాట. ఇది సరిగ్గా నిద్ర పట్టిన క్షణం కాకపోవచ్చు. పర్వాలేదు. కొలత కాస్త తప్పైనా అన్ని రోజులూ ఒకే రకంగా తప్పుగా ఉంటే చాలు. తూకం రాయి పది గ్రాములు తక్కువైనా, రెండు సంచుల్లో ఏది బరువో తెలుస్తుంది కదా.

ప్రవచనం వినడం వల్లే నిద్ర పట్టి ఉండొచ్చుగా అంటారేమో. ఉండొచ్చు. కానీ కాఫీ తాగిన రోజూ, తాగని రోజూ అదే విన్నాను. రెండు గిన్నెల్లోనూ అదే పప్పు.

పిల్లల చదువు విషయమైతే కూర్చున్న గంటలు కొలవకండి, పూర్తిచేసిన లెక్కలు కొలవండి. గంటలు కూర్చోవడం వాళ్లకు బాగా వచ్చు. ఆఫీసు దారి అయితే ఇంటి గేటు నుంచి ఆఫీసు గేటు వరకు నిమిషాలు. మధ్యాహ్నం మగత లాంటివాటికి వేరే దారి లేకపోతే 1 నుంచి 5 వరకు మార్కులు వేసుకోండి. అయితే 1 అంటే ఏమిటో, 5 అంటే ఏమిటో ముందే రాసి పెట్టుకోవాలి: "5 అంటే కుర్చీలోనే కునుకు పట్టడం" అన్నట్టు.

ఒక వారం ఏమీ మార్చకండి

కొలత కుదిరాక వెంటనే పరీక్ష మొదలుపెట్టాలనిపిస్తుంది. ఆగండి. ఏమీ మార్చకుండా ఒక వారం కొలవండి, అంతే. నా వారంలో ఒక రాత్రి 12 నిమిషాలకే నిద్ర పట్టింది, మరో రాత్రి 50 నిమిషాలు పట్టింది. రోజూ అదే కాఫీ, అదే మంచం. అంటే నేను ఏమీ చేయకపోయినా నా నిద్ర అంత ఊగుతోంది. ఆ ఊగిసలాట తెలియకపోతే, 50 తర్వాత 12 వచ్చిన రాత్రి తాగిన గ్లాసుడు పాలకు సన్మానం చేసేవాణ్ని.

కొందరికి ఈ వారంతోనే పని అయిపోతుంది. రాయడం మొదలుపెట్టాక సమస్య అనుకున్నంత పెద్దది కాదని తేలుతుంది.

ఏ రోజు ఏది అన్నది మీరు నిర్ణయించకండి

అసలు కీలకం ఇదే. మనిషిని రెండు గిన్నెల్లో పోయలేం కాబట్టి రోజుల్ని పోయాలి. కొన్ని రోజులు కాఫీ గిన్నెలోకి, కొన్ని రోజులు కాఫీ లేని గిన్నెలోకి. ఆ పంపకం మీ చేతిలో ఉంటే పరీక్ష చెడినట్టే. ఆఫీసులో తల పగిలిన రోజు చేయి దానంతటదే కాఫీ వైపు పోతుంది. ఆ రాత్రి నిద్ర పట్టకపోతే అది కాఫీ పనా, ఆఫీసు పనా?

అందుకని పంపకం రూపాయి బిళ్లకు అప్పగించండి. పద్నాలుగు రోజుల్ని రెండేసి రోజుల చొప్పున ఏడు జతలు చేయండి. ప్రతి జతకూ ఒకసారి బిళ్ల ఎగరేయండి. బొమ్మ పడితే మొదటి రోజు కాఫీ, రెండో రోజు లేదు. బొరుసు పడితే తిరగేసి. జతలు ఎందుకంటే, పక్కపక్క రోజులు ఎంతో కొంత ఒకేలా ఉంటాయి. ఉక్కపోతైనా, పరీక్షల టెన్షన్ అయినా రెండింటికీ దాదాపు సమానంగా తగులుతుంది. మొదటి వారమంతా కాఫీ, రెండో వారమంతా బంద్ అని పెట్టుకుంటే, రెండో వారంలో వాన పడి చల్లబడిందంటే మీ లెక్క గోవిందా.

రోజు మార్చి రోజు క్రమంగా పెట్టుకున్నా సరిపోతుంది కదా అని నేనూ అనుకున్నాను. సరిపోదు. మీ జీవితంలోనూ క్రమాలుంటాయి: సోమవారం మీటింగు, శనివారం ఉపవాసం. రెండు క్రమాలు ఒకదాని మీద ఒకటి పడితే విడదీయలేం. ఇలా పంపకాన్ని యాదృచ్ఛికతకు వదిలేయాలన్న ఆలోచనను గట్టిగా నిలబెట్టింది రొనాల్డ్ ఫిషర్. పొలాల్లో ఎరువుల పరీక్షలతో తల బద్దలు కొట్టుకున్న గణాంక శాస్త్రవేత్త. వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివిన మన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు కేంబ్రిడ్జిలో పీహెచ్‌డీ చేసింది ఈయన దగ్గరే. ఒక్క రోగి మీదే మందును ఇలా మార్చి మార్చి పరీక్షించే పద్ధతిని కెనడాలో గోర్డన్ గయాట్ బృందం 1986లో వైద్య పత్రికలో ప్రచురించింది. కాబట్టి ఇది మన వంటింటి వేషం మాత్రమే కాదు.

మీకే తెలియకుండా తాగండి (కుదిరితే)

కాఫీ తాగానని తెలిస్తే "ఇవాళ నిద్ర పట్టదు" అన్న దిగులే నిద్ర పోగొట్టొచ్చు. దీన్ని తప్పించడానికి ఇంట్లో ఇంకొకరి సాయం కావాలి. కెఫీన్ తీసేసిన ఇన్‌స్టంట్ కాఫీ పొడి బజారులో దొరుకుతుంది. అందులో కెఫీన్ పూర్తిగా సున్నా కాదు, కాని చాలా తక్కువ. మామూలు ఇన్‌స్టంట్ పొడి ఒక సీసాలో, ఇది ఇంకో సీసాలో పోసి మా ఆవిడకు అప్పగించాను. బిళ్ల ఎగరేసేదీ తనే, కలిపేదీ తనే, చీటీ రాసి పోపుల డబ్బా వెనక దాచేదీ తనే. రెండు వారాలు ఫిల్టరు కాఫీ త్యాగం చేయాల్సి వచ్చింది, అది వేరే బాధ. (ఫిల్టరు కాఫీ ప్రియులకు ఒక మాట: చికోరీలో కెఫీన్ ఉండదు. పొడిలో చికోరీ పాలు పెరిగేకొద్దీ మీరు తాగే కెఫీన్ తగ్గుతుంది.)

రోజూ కప్పు దించాక "ఇవాళ అసలుదా, ఉత్తదా?" అని మీ ఊహ కూడా రాసుకోండి. ఊహలన్నీ సరిపోతున్నాయంటే ముసుగు జారిపోయినట్టే. నా పద్నాలుగు ఊహల్లో ఎనిమిది సరిపోయాయి, అంటే గుడ్డిదెబ్బ కంటే పెద్ద మెరుగు కాదు. నాలుగో రోజు మొహం చిట్లించి "ఇది కచ్చితంగా ఉత్తదే" అన్నాను. "తాగండి ముందు, తీర్పులు తర్వాత" అంది. అది అసలు కాఫీయేనట.

నడక, ఫోను లాంటివాటికి ఈ ముసుగు వేయలేం. అప్పుడు కనీసం కొలత అయినా మీ అభిప్రాయం మీద ఆధారపడకుండా చూసుకోండి.

మొదలుపెట్టే ముందే కాగితం మీద పెట్టండి

నాలుగు విషయాలు: ఎన్ని రోజులు చేస్తాను, ఏ అంకె చూస్తాను, రోజు పాడైతే ఏం చేస్తాను, ఎంత తేడా వస్తే నా అలవాటు మార్చుకుంటాను. మూడోది తప్పకుండా వస్తుంది. చుట్టాలొస్తారు, రాత్రి కరెంటు పోతుంది, పెళ్లికి వెళ్లి అర్ధరాత్రి వస్తారు. "పాడైన రోజున్న జతను మొత్తం తీసేసి, చివర్లో కొత్త జత చేర్చాలి" అని ముందే రాసుకున్నాను. ఫలితం చూశాక తీసేయడానికి వీల్లేదు.

నాలుగోది అందరూ మరిచిపోయేది. "15 నిమిషాలు లేదా అంతకన్నా ఎక్కువ తేడా వస్తేనే ఆరింటి కాఫీ మానేస్తాను" అని రాసి మా ఆవిడ చేతే సంతకం పెట్టించాను. కాఫీని కాపాడుకోవడానికి లాయరులా వాదిస్తానని తనకు తెలుసు.

రోజూ నోట్‌బుక్కులో ఒక వరుస చాలు. తేదీ, నిమిషాలు, ఊహ, ఆఖరున "ఇతరాలు". ఈ చివరి గడిని ఖాళీగా వదలకండి, ఎందుకో కిందకొస్తే తెలుస్తుంది.

లెక్క చూడటం

పదిహేనో రోజున చీటీలు బయటికి తీశాం. ఏడు జతల్లో నిమిషాలు ఇవి, ముందుది అసలు కాఫీ రోజు, తర్వాతది ఉత్త కాఫీ రోజు: 35–20, 28–30, 45–22, 30–18, 22–26, 52–24, 33–21.

సగటు కాఫీ రోజున 35, ఉత్త రోజున 23. తేడా 12 నిమిషాలు. ఏడు జతల్లో అయిదింటిలో కాఫీ రోజే ఆలస్యం. ఇది నిజమైన తేడానా, బిళ్ల ఆడించిన ఆటా? ఊరికే బిళ్లను ఏడుసార్లు ఎగరేసినా అయిదు లేదా అంతకంటే ఎక్కువ బొమ్మలు పడే అవకాశం 128లో 29, అంటే దాదాపు 23 శాతం. గెలుపోటములు మాత్రమే లెక్కపెడితే ఇదేం గొప్ప సాక్ష్యం కాదు.

కానీ అంకెల్ని ఇంకోసారి చూడండి. కాఫీ "ఓడిన" రెండు జతల్లో తేడా 2, 4 నిమిషాలే. "గెలిచిన" వాటిలో 12 నుంచి 28 దాకా. ఇక్కడ ఫిషర్ చూపిన దారి పనికొస్తుంది. కాఫీకీ నిద్రకూ ఏ సంబంధమూ లేదనుకుందాం. అప్పుడు ప్రతి జతలో ఏ అంకె కాఫీ కింద పడాలన్నది బిళ్ల చేతిలోనే ఉంది. ఏడు జతలంటే 128 రకాలుగా పడొచ్చు. వాటిలో ఎన్నింటిలో ఇంత తేడా గానీ, ఇంతకన్నా పెద్దది గానీ వస్తుంది? కాగితం మీద తిప్పి చూస్తే నాలుగింటిలోనే: వచ్చినది వచ్చినట్టు ఒకటి, 2 నిమిషాల జతను తిప్పితే ఒకటి, 4 నిమిషాల జతను తిప్పితే ఒకటి, రెండూ తిప్పితే ఒకటి. 128లో 4, అంటే 32లో 1. అంత అరుదైన అదృష్టం నా ఒక్కడికే పట్టిందనుకోవడం కంటే, కాఫీ ఎంతో కొంత ఆలస్యం చేస్తోందనుకోవడమే న్యాయం.

ఈ తిప్పడం కష్టమనిపిస్తే ఒక్కటి చూడండి చాలు. ఏడుకు ఏడు జతలూ మీరు ముందే అనుమానించిన వైపు మొగ్గితే అది 128లో 1, నమ్మొచ్చు. ఆరు మొగ్గితే, ఆరు లేదా ఏడు పడే అవకాశం 16లో 1. నాలుగు, మూడుగా చీలితే జతల సంఖ్య పెంచి మళ్లీ మొదటినుంచి చేయాలి. మధ్యలో నచ్చిన ఫలితం కనిపించగానే ఆపేయకూడదు. అది పేకాటలో గెలిచినప్పుడు లేచిపోవడం లాంటిది.

తీర్పు? తేడా ఉంది, కాని 12 నిమిషాలు, సంతకం పెట్టిన 15 కంటే తక్కువ. కాఫీ బతికిపోయింది. మా ఆవిడ కాగితం రెండుసార్లు చదివి ఏమీ అనలేదు.

చేయకూడనివి

బీపీ, షుగరు, థైరాయిడ్, ఫిట్స్, మానసిక ఆరోగ్యానికి వాడే మందులను ఇలా రోజు మార్చి రోజు మానడం, మోతాదు మార్చడం చేయకండి. పరీక్ష అవసరమనిపిస్తే అది డాక్టరుతో కలిసి చేయాల్సిన పని. నిద్రలో గట్టిగా గురక పెడుతూ ఊపిరి ఆగినట్టవుతోందని ఇంట్లోవాళ్లు చెప్పినా, నిద్రలేమి నెలల తరబడి సాగుతున్నా, రూపాయి బిళ్ల పక్కన పెట్టి ముందు ఆసుపత్రికి వెళ్లండి. పిల్లల మీద చేసేటప్పుడు వాళ్లకు చెప్పి, వాళ్ల చేతే బిళ్ల ఎగరేయించండి. చెప్పకుండా చేస్తే అది పరీక్ష కాదు, నిఘా.

ఇక "ఇతరాలు" గడి సంగతి. 45, 52 నిమిషాలు పట్టిన ఆ రెండు రాత్రుల పక్కనా ఒకే మాట రాసి ఉంది: "పది దాటాక ఆఫీసు మెయిల్ చూశాను." మిగతా పన్నెండు రాత్రుల్లో ఎక్కడా ఆ మాట లేదు. ఆ రెండు జతలూ తీసేస్తే కాఫీ తేడా ఆరేడు నిమిషాలకు పడిపోతుంది. కానీ ఫలితం చూశాక తీసేయకూడదని రాసుకున్నది నేనే కాబట్టి తీయలేదు. ఇది రుజువు కాదు, అనుమానం మాత్రమే. దానికి వేరే పరీక్ష కావాలి: ఏడు జతలు, బొమ్మ పడితే రాత్రి తొమ్మిదికే ఫోను బీరువాలోకి. బీరువా తాళం ఎవరి దగ్గరుండాలన్న దాని మీద ప్రస్తుతం మా ఇంట్లో చర్చ నడుస్తోంది.